కార్టూన్ నాన్నను నిషేధించకండి, అమ్మ లెక్క అడగండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ లేఖల శీర్షికలో ఒక పెద్దాయన రాసిన ఉత్తరం చదివాను. పరాయి దేశాల కార్టూన్లు తండ్రిని తిండిపోతుగా, సోమరిగా, తెలివితక్కువవాడిగా చూపిస్తున్నాయని, వాటికి తెలుగు మాటలు పెట్టి ఇళ్లలోకి వదలడంతో పిల్లలకు నాన్నంటే లెక్క లేకుండా పోతోందని, ప్రభుత్వం వెంటనే ఆపించాలని ఆయన రాశారు. మనవడు తన తండ్రిని పట్టుకుని కార్టూన్‌లోని పేరు పెట్టి పిలిచాడని కూడా రాశారు. ఆ బాధ నిజమైనదే. కానీ ఆయన చెప్పిన జబ్బు వేరు, నేను రోజూ చూస్తున్న జబ్బు వేరు. ఈ ఉత్తరం కాస్త పొడుగైంది. చోటు చాలకపోతే కుదించండి, మా కేంద్రం పిల్లల ఆట గురించి రాసిన భాగం మాత్రం తీసేయవద్దని మనవి.

నేను సఖినేటిపల్లి మండలంలో వశిష్ఠ గోదావరి ఒడ్డునున్న ఒక ఊళ్లో అంగన్‌వాడీ కార్యకర్తను. మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఉదయం నా దగ్గరికి వచ్చి, అన్నం తిని, ఒక కునుకు తీసి ఇళ్లకు వెళతారు. వాళ్ల నోట ఏ మాట కొత్తగా వినిపించినా అది ఏ ఇంటి నుంచి వచ్చిందో, ఏ ఫోను నుంచి వచ్చిందో నాకు ఆ పూటే తెలిసిపోతుంది. తల్లులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: “ఇంట్లో ఫోను పెడితే గానీ ముద్ద దిగదు, మీ దగ్గర ఎలా తింటున్నాడండీ?” పక్కన నలుగురు తింటుంటే వాడూ తింటాడమ్మా అని చెబుతాను. ఇంట్లో ఆ ఫోనులో నడిచేది ఎక్కువగా షిన్‌చాన్ అనే అల్లరి పిల్లాడి జపాన్ కార్టూన్. కనుక పెద్దాయన ఎవరి గురించి బాధపడుతున్నారో నాకు తెలుసు.

ముందు నిషేధం సంగతి. షిన్‌చాన్ మన దేశంలో 2006లో మొదలైంది. అల్లరి హద్దు మీరుతోందని తల్లిదండ్రులు ఫిర్యాదులు చేస్తే 2008లో కేంద్ర ప్రభుత్వం దాన్ని ఆపించింది. మరుసటి ఏడాది కొన్ని భాగాలు కత్తిరించుకుని తిరిగి వచ్చింది. అంటే ఈ మందు ఒకసారి వాడి చూసిందే. అప్పుడు టీవీ ఒక్కటే ఉండేది, ఆపితే ఆగింది. ఇప్పుడు ప్రతి ఇంట్లో రెండు ఫోన్లున్నాయి. కేబుల్ ఆపరేటరుకు నోటీసు ఇస్తే పాలు తాగే పిల్లాడి చేతిలోని ఫోను ఆగుతుందా?

ఇంకో సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. షిన్‌చాన్ పుట్టింది పిల్లల కోసం కాదు. 1990లో జపాన్‌లో పెద్దవాళ్లు చదివే వారపత్రికలో బొమ్మల కథగా మొదలైంది, 1992లో టీవీకి వచ్చింది. అమెరికా వాళ్లవి కూడా అంతే. సింప్సన్స్ గానీ, ఫ్యామిలీ గై గానీ రాత్రిపూట పెద్దవాళ్లు చూసేందుకు తీసినవి. బొమ్మలు కదిలితే చాలు పిల్లలదే అనుకోవడం మన అలవాటు. ఆ అలవాటు వల్ల మూడేళ్ల పిల్లాడి ముందు ముప్పై ఏళ్లవాళ్ల హాస్యం పెట్టి, వాడు నేర్చుకున్నాడని వాడిని కొడుతున్నాం.

ఇక తండ్రి సంగతి. షిన్‌చాన్ తండ్రి పేరు జపాన్‌లో హిరోషి, మన డబ్బింగులో హ్యారీ. రోజూ రైలెక్కి టోక్యోలో ఆఫీసుకు పోతాడు. ఇంటి రుణం ముప్పై ఏళ్లకు పైగా కట్టాల్సింది ఇంకా మిగిలే ఉంటుంది. జీతం అంతంతమాత్రం. సాయంత్రం వచ్చి బీరు తాగుతాడు, రోడ్డున అందమైన అమ్మాయి కనిపిస్తే పెళ్లాం పక్కన ఉండగానే చూపు తిప్పుతాడు. అతని మేజోళ్ల కంపు ఆ సీరియల్‌లో ఎప్పుడూ నడిచే హాస్యం. పిల్లలు ముక్కు మూసుకుని నవ్వుతారు. మా కేంద్రంలోనూ బూట్లు విప్పగానే ఒకడు ముక్కు మూసుకుని గెంతుతాడు.

పెద్దాయన ఆ కంపు దగ్గరే ఆగిపోయారు. 2001లో షిన్‌చాన్ సినిమా ఒకటి వచ్చింది. మా అబ్బాయి పట్టుబట్టి చూపించాడు. అందులో పెద్దవాళ్లందరికీ తమ చిన్ననాటి రోజుల మీద మోజు పుట్టించి, ఇళ్లనూ పిల్లలనూ మరచిపోయేలా చేస్తారు. హిరోషి కూడా చంటిపిల్లాడిలా మారిపోయి, ఎదురుగా ఉన్న కొడుకును గుర్తుపట్టడు. అప్పుడు షిన్‌చాన్ తండ్రి బూటునే తండ్రి ముక్కు దగ్గర పెడతాడు. ఆ వాసనకు అతనికి ఒక్కొక్కటే గుర్తుకొస్తాయి. తన తండ్రి సైకిలు వెనక కూర్చుని వెళ్లడం, పెరిగి పెద్దవాడై ఊరు వదిలి పట్నం రావడం, ఉద్యోగంలో పడిన తిట్లు, చెమటలు కక్కుతూ తిరిగిన వీధులు, పెళ్లి, పురుడు, కొన్న ఇల్లు. మాటల్లేవు, సంగీతం ఒక్కటే. అన్నాళ్లూ మనల్ని నవ్వించిన ఆ కంపు ఒక మనిషి ఇంటి కోసం నడిచిన నడక అని అక్కడ తెలుస్తుంది. కొడుకు “నాన్నా, నన్ను గుర్తుపట్టావా” అన్నట్టు చూస్తాడు. హిరోషి వాడిని పట్టుకుని ఏడుస్తాడు. ఇది తండ్రిని కించపరచడం అంటే నేను ఒప్పుకోను. తండ్రిని ఇంత దగ్గరగా చూపిన సినిమాలు మన దగ్గర ఎన్ని ఉన్నాయి?

ఇప్పుడు మా పిల్లల ఆట.

అన్నం అయ్యాక కాసేపు పిల్లలను వాళ్ల ఇష్టానికి వదిలేస్తాను. ఎక్కువగా ఇల్లు ఆట ఆడతారు. కొబ్బరి చిప్పలు గిన్నెలు, ఇసుక అన్నం, మునగాకు కూర. ఒక ఆడపిల్ల అమ్మ అవుతుంది, చీర చెంగులా తువ్వాలు వేసుకుంటుంది. ఒక రోజు నాలుగేళ్ల బాబు ఒకడు నాన్న అయ్యాడు. నాన్న కాగానే వాడు చేసిన మొదటి పని గడప దాటి బయటికి వెళ్లడం. వేపచెట్టు కింద నిలబడి, బొమ్మల పెట్టెలోని చెక్క దిమ్మ ఒకటి చెవికి పెట్టుకున్నాడు. “హలో, అందరూ తిన్నారా? డబ్బులు పంపాను, చూసుకోండి” అన్నాడు. లోపలి నుంచి ఆ పిల్ల కొబ్బరి చిప్పలో ఇసుక కలుపుతూనే “ఎప్పుడొస్తారు?” అంది. “పండక్కి” అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆటలో వాడికి చేయడానికి ఏమీ లేదు. చెక్క దిమ్మ చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ పిల్లాడి తండ్రి కువైట్‌లో డ్రైవరు. కోనసీమలో, నది దాటితే నరసాపురం వైపు, ఇలాంటి ఇళ్లు ఎన్నో. కొన్ని ఇళ్లలో నాన్న ఇక్కడే ఉండి అమ్మ కువైట్‌లో ఉంటుంది. అక్కడి పిల్లలు అమ్మను కూడా ఫోనులోనే ఆడతారు.

తర్వాత ఇంకొకడు నాన్న అయ్యాడు. వీడి తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు. వీడు లోపలికి వస్తూనే చాప మీద బోర్లా పడుకుని, “ఒళ్లు నొప్పులు, వీపు తొక్కండి” అని కేకలు పెట్టాడు. ఇద్దరు పిల్లలు ఎక్కి తొక్కారు. “కూరలో ఉప్పేది?” అని అరిచాడు. “మీరే వేసుకోండి” అని అమ్మ కసిరింది. మళ్లీ వెంటనే గురక. గురక పెడుతున్న నాన్న చెవిలో ఒకడు గడ్డిపరక పెట్టాడు, నాన్న ఎగిరిపడ్డాడు, అందరూ నవ్వారు. ఆ తర్వాత మిగతా మగపిల్లలంతా ఆ నాన్ననే ఆడతామన్నారు. చెట్టు కింద ఫోనులో మాట్లాడే నాన్నను ఆడడానికి ఎవరూ ముందుకు రాలేదు.

అయ్యా, ఆ ఫోనులోని నాన్నలో ఒక్క తప్పూ లేదు. అరవడు, గురక పెట్టడు, డబ్బు పంపుతాడు. పిల్లలు మాత్రం ఉప్పు కోసం అరిచే నాన్న దగ్గరికే వెళ్లారు. తప్పులు కనబడేంత దగ్గరగా ఉన్న మనిషే వాళ్లకు నాన్న. కార్టూన్‌లో పొట్ట వేలాడే తండ్రిని పిల్లలు ఇష్టపడుతున్నారంటే కారణం ఇదేనని నా నమ్మకం. అతను సాయంత్రానికి ఇంటికి వస్తాడు. ప్రతి భాగంలోనూ వస్తాడు. సోఫాలో వాళ్ల పక్కన కూర్చుంటాడు. గౌరవం అక్కడ పోతుందని పెద్దాయన భయం. మా ఊళ్లో పిల్లలు ఆ సోఫా కోసం మొహం వాచి ఉన్నారు.

ఇది మా ఇంట్లోనూ జరిగింది. మా ఆయన కూడా చాలా ఏళ్లు కువైట్‌లో డ్రైవరుగా చేశారు. ఈ మాటలు రాస్తానని ఆయనకు చెప్పాను, రాశాక చదివి వినిపించాను, వేయమన్నారు. ఆయన అక్కడున్నన్నాళ్లూ మా పిల్లలకు నాన్న అంటే దేవుడి పటంతో సమానం. తిరిగి వచ్చాక నాన్నకు కరెంటు పోతే కోపం వస్తుందని, పంచదార డబ్బా ఎక్కడుందో తెలియదని, చీకట్లో దొడ్లోకి వెళ్లడానికి భయమని తెలిసింది. మా అమ్మాయి మొదట్లో బిత్తరపోయింది. తర్వాత ఆ దొడ్డి భయం గురించే నాన్నను ఏడిపించడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచే వాళ్లిద్దరికీ మాటలు కలిశాయి. నేను కళ్లారా చూశాను.

పోనీ తండ్రిని చూసి నవ్వడం పరాయి దేశం నుంచి వచ్చిన తెగులా? జగత్తుకు తండ్రి అని మనం మొక్కే శివుణ్ణి శ్రీనాథుడు ఏమన్నాడు? “తిరిపెమునకు ఇద్దరాండ్రా, పరమేశా గంగ విడుము, పార్వతి చాలున్” అన్నాడు. అడుక్కుతినేవాడికి ఇద్దరు పెళ్లాలెందుకయ్యా అని ముఖం మీదే అడిగాడు. అదే శ్రీనాథుడు మా ద్రాక్షారామం భీమేశ్వరుడి మీద పురాణం రాశాడు. ఆ పద్యం విని తెలుగువాడెవడూ శివాలయానికి వెళ్లడం మానలేదు. పంచారామాల్లో మూడు మా డెల్టాలోనే ఉన్నాయి, కార్తీకంలో ఎక్కడా కాలు పెట్టే చోటు ఉండదు. మరి బుడుగో? రాసిన ముళ్లపూడి వెంకటరమణ ధవళేశ్వరంలో పుట్టారు, బొమ్మలు గీసిన బాపు మా అవతలి ఒడ్డున నరసాపురంలో పుట్టారు. పెద్దవాళ్ల డొల్లతనమంతా ఒక పిల్లాడి కంటితో చూపించిన ఆ పుస్తకాన్ని చదివి పెరిగినవాళ్లు ఇప్పుడు తాతలయ్యారు. వాళ్లకు పెద్దలంటే గౌరవం లేదని ఎవరైనా అనగలరా?

ఇక్కడి వరకూ పెద్దాయనతో నాకున్న తేడా. ఇప్పుడు ఆ కార్టూన్లతో నాకున్న తగువు చెబుతాను. అది చిన్న తగువు కాదు.

మా అబ్బాయి హైదరాబాదులో ఒక యానిమేషన్ స్టూడియోలో పని చేస్తాడు. వెనక కనిపించే ఇళ్లు, చెట్లు, రోడ్లు గీస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు తన ల్యాప్‌టాప్‌లో అమెరికా కార్టూన్లు పెట్టి, ఆపి ఆపి తెలుగులో చెబుతూ మాకు చూపించాడు. ఈ తరహాకు మొదలు 1960లో వచ్చిన ఫ్లింట్‌స్టోన్స్ అట. రాతియుగంలో ఒక సంసారం. రాళ్ల క్వారీలో పనిచేసే ఫ్రెడ్ పెళ్లాం విల్మాకు అబద్ధాలు చెప్పి ఆటలకు పోతాడు, పట్టుబడతాడు, గావుకేకలు పెడతాడు. అక్కడి నుంచి ఇప్పటిదాకా ఆ మొగుడు పేర్లు మార్చుకుంటూ వస్తున్నాడు తప్ప పెద్దగా మారలేదు.

అందరిలోకీ పేరున్నవాడు హోమర్ సింప్సన్. 1987లో చిన్న చిన్న తుంపులుగా వచ్చి, 1989 డిసెంబరులో పూర్తి సీరియల్‌గా మొదలై ఇప్పటికీ నడుస్తున్నాడు. గీసిన మ్యాట్ గ్రోనింగ్ ఆ ఇంట్లోవాళ్లకు తన ఇంట్లోవాళ్ల పేర్లే పెట్టాడు. తండ్రి పేరు హోమర్, తల్లి మార్గరెట్, చెల్లెళ్లు లీసా, మ్యాగీ. సొంత తండ్రి పేరును ఇలాంటి పాత్రకు పెట్టగలిగాడంటే ఆ ఇంట్లో ఎంత చనువు ఉండి ఉంటుందో అనిపించింది నాకు. హోమర్ అణువిద్యుత్ కేంద్రంలో భద్రత చూసే ఉద్యోగి, డ్యూటీలో నిద్రపోతాడు. 1995లో వచ్చిన ఒక భాగం మాకు బాగా పట్టింది. తనకు ఏమాత్రం ఇష్టం లేని ఆ ఉద్యోగం మానేసి, మనసుకు నచ్చిన చిన్న పనిలో హాయిగా ఉంటాడు. ఇంతలో భార్యకు మూడో కాన్పు అని తెలుస్తుంది. జీతం చాలదు. పాత యజమాని కాళ్లావేళ్లా పడి తిరిగి చేరతాడు. ఆ యజమాని కక్షతో అతని బల్ల ఎదురుగా ఒక పలక కొట్టిస్తాడు, నువ్వు ఎప్పటికీ ఇక్కడే పడి ఉంటావు, మరచిపోకు అని. హోమర్ ఆ మూడో బిడ్డ ఫోటోలన్నీ తెచ్చి ఆ పలక మీద అంటిస్తాడు. కనబడకుండా పోయిన అక్షరాలు పోగా మిగిలినవి, ఆ పాప కోసం చెయ్యి అని చదువుకునేలా ఉంటాయి. మా ఆయన ఆ బొమ్మను ఆపమని చాలాసేపు చూశారు. కువైట్‌లో ఆరుగురు పడుకునే గదిలో తన మంచం పక్క గోడకు అంటించిన ఫోటోల గురించి మాకు మొదటిసారి చెప్పారు.

అయితే అదే సీరియల్‌లో 1991 నాటి ఇంకో భాగం చూడండి. విందులో హోమర్ తాగి, వచ్చినవాళ్ల ముందు భార్య మార్జ్ పరువు తీస్తాడు. ఇద్దరూ కాపురం చక్కదిద్దుకుందామని ఒక సరస్సు దగ్గర చర్చివాళ్లు పెట్టిన శిబిరానికి వెళతారు. అక్కడ ఆమె మొగుడి తప్పులు చెప్పడం మొదలుపెడితే ఒక పట్టాన పూర్తికాదు. ఈయన మాత్రం తెల్లవారుజామున లేచి చేపలు పట్టడానికి బయల్దేరతాడు. ఎవరికీ చిక్కని పెద్ద చేప చిక్కుతుంది. భార్య బాధ చూసి దాన్ని నీళ్లలో వదిలేస్తాడు. ఆమె క్షమిస్తుంది, కథ అయిపోతుంది. ఒక చేపను వదిలినందుకు! మర్నాడు ఇంటికి వచ్చాక అతను తాగుడు మానాడా, అంట్లు తోమాడా, ఆమె చెప్పిన తప్పుల్లో ఒక్కటి దిద్దుకున్నాడా? కథ చెప్పదు. వచ్చే వారం మళ్లీ మొదటికే.

నా తగువంతా ఇక్కడే. ఆ బొమ్మలకు వయసు రాదు. కొడుకు బార్ట్‌కు అప్పుడూ పదేళ్లే, ఇప్పుడూ పదేళ్లే. వయసు రాకపోతే బాకీ కూడా పెరగదు. హోమర్ ఏదో పిచ్చి వ్యాపారంలో డబ్బంతా పోగొట్టినా వచ్చే వారానికి ఆ ఇల్లు, ఆ కారు, ఆ సోఫా అలాగే ఉంటాయి. మా ఆయన వచ్చిన కొత్తలో తమ్ముడితో కలిసి రొయ్యల చెరువు లీజుకు తీసుకున్నారు. నాకు చెప్పలేదు. పంట సగంలో తెల్లమచ్చ వైరస్ తగిలి చెరువు అయినకాడికి పట్టించేశారు. మేత కొట్టు బాకీ, డీజిల్ బాకీ, లీజు బాకీ మిగిలాయి. నా గాజులు, అమ్మాయి కోసం దాచిన గొలుసు బ్యాంకులో తాకట్టుకు వెళ్లాయి. నేను రాత్రుళ్లు లేసు అల్లాను, పాలకొల్లు కొట్లకు జాకెట్లు కుట్టాను. ఆయన మంచివారే. పిల్లలంటే ప్రాణం. ఆ ప్రేమతోనే త్వరగా సంపాదించాలని చెరువులో దిగారు. కానీ మంచితనం వడ్డీ కట్టదు కదండీ. ఆ వడ్డీ కట్టిన చేతులు నావి. కార్టూన్‌లో అయితే ఆ చెరువు ఇరవై రెండు నిమిషాల్లో ముగిసేది, చివర్లో ఆయన నాకు ఒక పువ్వు ఇచ్చేవారు, నేను నవ్వేదాన్ని.

మార్జ్ ఆ ఇంట్లో ఎంత పని చేస్తుందో గమనించండి. ఆమె నీలం జుట్టు గురించి హాస్యం ఉంటుంది. ఆమె అలసట గురించి మాత్రం అప్పుడప్పుడూ, అదీ మొగుడు మంచివాడని రుజువు చేసే సందర్భం కావాల్సి వచ్చినప్పుడే. షిన్‌చాన్ తల్లి మిసాయె కూడా అంతే. చంటిపాపను చంకనేసుకుని, పిల్లాడి వెంట పరుగెత్తి, మొగుడి చిల్లరతనం భరించి, చివరికి పిల్లాడి నెత్తిన మొట్టికాయలు వేసే గయ్యాళిగా మిగులుతుంది. మా కేంద్రంలో ఇల్లు ఆట ఆడే పిల్లలు నాన్న చేసిన తప్పుకు నవ్వుతారు, అమ్మ కోపానికి భయపడినట్టు నటిస్తారు. అమ్మకు ఎందుకు కోపం వచ్చిందో వాళ్లకు ఆ బొమ్మలు చెప్పలేదు. పెద్దాయన నాన్న గౌరవం గురించి బెంగపడ్డారు గానీ, ఈ కథల్లో నిజంగా నష్టపోయింది ఆ అమ్మ.

కొట్టడం గురించి ఒక్క మాట. హోమర్ కొడుకు గొంతు పట్టుకుని నులమడం ఎన్నో ఏళ్లు హాస్యంగా నడిచింది. 2023లో ఒక భాగంలో, ఆ పని మానేశాను, రోజులు మారాయి అని అతని చేతే అనిపించారు. మొట్టికాయలకు కూడా నేను నవ్వలేను. పిల్లాడి మీద పడే దెబ్బ ఎవరు కొట్టినా, ఎంత తమాషాగా గీసినా నాకు నచ్చదు. ఫ్యామిలీ గై అయితే అబ్బాయి కొన్ని తుంపులు చూపించాక నేనే ఆపమన్నాను. 1999 నుంచి వస్తోందట. అందులో తండ్రి పీటర్, ఎదిగిన కూతురు మెగ్‌ను మాటిమాటికీ అవమానిస్తాడు, ఇంటిల్లిపాదీ నవ్వుతారు. దాన్ని తప్పులున్న తండ్రి అనడానికి నాకు మనసు రాదు. అది క్రూరత్వం. తప్పుకూ క్రూరత్వానికీ తేడా పిల్లలకు చెప్పాల్సింది మనమే. ఆ గీత ఎక్కడుందో పెద్దాయన ఉత్తరంలో లేదు. ఆయనకు అన్నీ ఒకే గాటన కనిపించాయి.

తప్పును దిద్దుకునేలా గీసినవాళ్లూ ఉన్నారు. కింగ్ ఆఫ్ ది హిల్ అని టెక్సాస్ రాష్ట్రంలో గ్యాసు అమ్మే హ్యాంక్ కథ. 1997 నుంచి 2010 దాకా నడిచింది. హ్యాంక్ పని దొంగ కాదు, తిండిపోతు కాదు. అతని లోపం నోరు విప్పి ప్రేమ చెప్పలేకపోవడం. లావుగా, నెమ్మదిగా, జోకులు వేసి బతకాలనుకునే కొడుకు బాబీని ఎలా మెచ్చుకోవాలో అతనికి తెలియదు. మన ఊళ్లలో ఇలాంటి నాన్నలే ఎక్కువ. కొడుకు రాత్రి బస్సెక్కుతుంటే జేబులో డబ్బు కుక్కి ముఖం పక్కకు తిప్పుకునే మనుషులు. 2025లో ఆ సీరియల్ మళ్లీ మొదలైంది, ఈసారి అందరికీ వయసు వచ్చింది. హ్యాంక్ గ్యాసు ఉద్యోగం మీద భార్య పెగ్గీతో కొన్నేళ్లు సౌదీ అరేబియాలో ఉండి సొంతూరికి తిరిగి వస్తాడు. ఊరు మారిపోయి ఉంటుంది. బాబీ పెద్దవాడై డాలస్‌లో వంటవాడిగా హోటల్ నడుపుతుంటాడు. ఎడారి నుంచి తిరిగి వచ్చి తన ఊళ్లోనే తెలియనివాడిలా నిలబడ్డ ఆ అమెరికా మనిషిని చూసి మా ఆయన “వీడు మనవాడే” అన్నారు. బొమ్మలకు వయసు ఇవ్వడం కుదురుతుందని దీన్ని చూశాకే నాకు తెలిసింది.

2011 నుంచి వస్తున్న బాబ్స్ బర్గర్స్ కూడా మా అందరికీ నచ్చింది. బాబ్‌కు చిన్న హోటల్, పైన ఇల్లు. అద్దె బాకీ ఎప్పుడూ ఉంటుంది. భార్య లిండా, ముగ్గురు పిల్లలు అందరూ హోటల్‌లో చేయి వేస్తారు. పాలకొల్లు బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్ నడిపే సంసారాల్లాగే ఉంది. బాబ్ మొండివాడు, గొణుగుతూనే ఉంటాడు, వ్యాపారం కలిసి రాదు. కానీ భార్య పనిని పని అని గుర్తిస్తాడు, పిల్లలు ఎంత వింతగా ప్రవర్తించినా చిన్నబుచ్చడు. నవ్వు తగ్గిందా అంటే లేదు. భార్యను బరువు మోసే మనిషిగా చూపించినా హాస్యం పండుతుందని వాళ్లు నిరూపించారు.

మన సంగతి చూస్తే 2008లో హైదరాబాదు స్టూడియో నుంచి వచ్చిన ఛోటా భీమ్ దేశమంతా గెలిచింది. పిల్లలకు భీమ్ అంటే పిచ్చి. కానీ భీమ్ ఇంట్లో మనకు కనిపించేది అమ్మే. రాక్షసులను కొట్టే పిల్లాడు ఉన్నాడు, లడ్డూలున్నాయి, సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కునే నాన్న లేడు. మా అబ్బాయిని అడిగాను, మీరెందుకు గీయరు అని. అడిగేవాళ్లు లేరమ్మా అన్నాడు. అందుకే ఇలా పత్రిక ద్వారా అడుగుతున్నాను. తెలుగులో ఒక సంసారాన్ని గీయండి. పంటు మీద నది దాటి పనికి పోయే నాన్న, చెరువులో డబ్బు పోగొట్టుకున్న నాన్న, కువైట్ నుంచి వచ్చి పంచదార డబ్బా వెతుక్కునే నాన్న. అతని తప్పులు దాచవద్దు. ఆ తప్పు వల్ల ఇంట్లో ఎవరి గొలుసు తాకట్టుకు పోయిందో, అతను దాన్ని ఎలా విడిపించాడో కూడా తర్వాతి భాగాల్లో చూపించండి.

తల్లిదండ్రులకు చెప్పేది ఒకటుంది. ఫోను లాక్కోవడం రోజూ సాధ్యం కాదు, నాకు తెలుసు. పక్కన కూర్చోండి. భాగం అయిపోయాక “అప్పుడు వాళ్లమ్మ ఏం చేసింది?” అని అడగండి. నేను మా కేంద్రంలో అడుగుతున్నాను. మొదట్లో పిల్లలకు జవాబు తెలిసేది కాదు, నాన్న ఏం చేశాడో మాత్రం గడగడా చెప్పేవారు. ఈ మధ్య ఒక పాప ఆలోచించి, “అమ్మ అన్నం తినలేదు టీచర్, అందరికీ పెట్టి కూర్చుంది” అంది. ఆ భాగంలో అది ఒక్క క్షణం కనిపించి పోయే బొమ్మ. నేనూ గమనించలేదు.

మీ పత్రికకు ఒక మనవి. మీ ఆదివారం అనుబంధంలో పిల్లల పేజీలో వచ్చే బొమ్మల కథను మా కేంద్రంలో కత్తిరించి గోడకు అంటిస్తాను. పిల్లలకు అది చాలా ఇష్టం. అందులో నాన్న ప్రతి వారం కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటాడు, అమ్మ వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంటుంది. మీ చిత్రకారుడి గీత అందంగా ఉంటుంది, నేను అభిమానిని. వచ్చే వారం నుంచి ఆ నాన్నను కుర్చీలోంచి లేపమనండి. అన్నం మాడబెట్టినా ఫరవాలేదు, పిల్లలు నవ్వుతారు. మాడిన గిన్నె కూడా అతని చేతే తోమించండి.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ కార్యకర్త,
సఖినేటిపల్లి మండలం, కోనసీమ జిల్లా.